మోకాళ్ల కింద లేని సూరయ్యగారు

రాజోలు ఫోటో క్లబ్బువాళ్లు పట్టపగలు తలుపులు బిగించుకుని దెయ్యాన్ని కడుగుతున్నారని క్లబ్బు గది పక్కింటి అచ్చమ్మ చెప్పిందట. ఎవరితో చెప్పిందో తెలియదు గానీ భోజనాల వేళకి ఆ మాట అప్పనపల్లి రేవు దాకా వెళ్లిపోయింది.

నిజానికి అంతకుముందు ఆదివారం పొద్దున్న క్లబ్బు వేసుకున్న పథకంలో దెయ్యం ఊసే లేదు. క్లబ్బంటే నలుగురు మనుషులు, ఒక కెమెరా. అధ్యక్షుడు స్టీఫెన్ మాస్టారు, జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతారు. మిగతా చాకిరీ అంతా ఎరువుల కొట్టు అంజిబాబుది. అది తొంభై నాలుగు, ఊరంతా రొయ్య రొయ్య అని కలవరిస్తున్న రోజులవి. కొబ్బరితోట రైతు నాగసతీష్ వచ్చి పని పురమాయించాడు.

"మాస్టారూ, మా కొబ్బరితోట తీయించేసి రొయ్యల చెరువు తవ్విస్తున్నానండి. పొక్లెయిన్ ఈ వారమే వస్తుంది. మా అమ్మ నెలల తరబడి వద్దు వద్దంటూనే ఉంది. తోటలో ఆవిడకో ఫోటో తీసి గోడకి తగిలించేస్తే ఊరుకుంటుందండి."

ఆ ఆదివారం తోటకి వెళ్లేసరికి మంచు ఇంకా విడలేదు. చెట్ల నీడ నీళ్లలా నల్లగా ఉంది. నాగసతీష్ తల్లి కనకమహాలక్ష్మిగారు తోట మధ్యకి వెళ్లి నిలబడ్డారు.

"కొంచెం నవ్వండి పిన్నిగారూ," అన్నాడు అంజిబాబు.

"దేనికి నాయనా?" అన్నారావిడ.

ఆ ఫోటోనే వాళ్లు గదిలో కడిగింది. కిటికీలకి గోనెసంచులు, లోపల ఎర్రబల్బు. తొట్టిలో కాగితం మీద ముందు చెట్లు తేలాయి. తరవాత కనకమహాలక్ష్మిగారు తేలారు. ఆవిడ వెనక ఇంకేదో తెల్లగా పైకి రావడం మొదలుపెట్టింది. తెల్లటి పంచె. పంచె పైన బనీను. బనీను పైన సూరయ్యగారు.

సూరయ్యగారు కనకమహాలక్ష్మిగారి భర్త. కార్తీకమాసంలో పోయారు. ఆయన గుండెలోంచి వెనకున్న కొబ్బరిమాను కనిపిస్తోంది. మోకాళ్ల కింద ఏమీ లేదు. కుడిచెయ్యి ఎత్తి ఎవరినో ఆగమంటున్నట్టు ఉన్నారు. మాస్టారి చెయ్యి తగిలి తొట్టి కదిలింది. నీళ్ల కింద సూరయ్యగారు కూడా కదిలారు.

"మాస్టారండోయ్, ఈయన పోయేరు కదండీ!"

"ఆయ్, పోయేరు."

"మరి వచ్చేరండీ!" అని అంజిబాబు వీధిలోకి పరుగెత్తాడు. వీధిలో అచ్చమ్మ ఉంది.

మాస్టారికి సంగతి అర్థం కావడానికి సాయంత్రమైంది. క్లబ్బులో కొత్త రీళ్లూ వాడినవీ ఒకే బిస్కట్ల డబ్బాలో ఉంటాయి. వాడిన రీలుని, బయటికి నాలుకలా ఉండే ఫిలిం కొస పూర్తిగా లోపలికి పోయేదాకా తిప్పేయాలి. కడిగేటప్పుడు దాన్ని బయటికి లాగడం చాకిరీ అని అంజిబాబు కొంచెం నాలుక వదిలేసి డబ్బాలో పడేస్తాడు. అలా పోయిన వేసవిలో ఇదే తోటలో సూరయ్యగారిని తీసిన రీలు, కడక్కుండానే కొత్తదానిలా మళ్లీ కెమెరాలోకి ఎక్కింది. ఫిలిం మీద కొత్త ఫోటో నీడ పడిన చోట పాత పంచె తెల్లగా నిలిచింది, వెలుగు పడిన చోట కాళ్లు కలిసిపోయాయి. అంతే.

అంతే అని వినడానికి ఊళ్లో ఎవరూ సిద్ధంగా లేరు. ఫోటో చూసిన నాగసతీష్ మొహంలో నెత్తురు లేదు. తోటలో సూరయ్యగారి చుట్టవాసన వస్తోందని ఒకరన్నారు. ఇంకొకరు వెళ్లి గట్టు మీద చుట్ట వెలిగించి పెట్టి వచ్చారు. దాంతో వాసన నిజంగానే వచ్చింది. పొక్లెయిన్ డ్రైవరు లాజరు తోట మొగలోనే, లోపలికి దిగకుండా మిషను ఆపేశాడు.

"పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టేక నేను బకెట్ దింపనండి, నాగసతీష్ గారూ. ఆయ్, పిల్లలు గలవాణ్ని."

మర్నాడు క్లబ్బు ముందు జనం. "మా నాన్నగార్ని కూడా ఓసారి తీసి పెట్టండి మాస్టారూ, సరిహద్దు రాయి ఎక్కడ పాతేరో చేత్తో చూపిస్తారేమో," అని ఒక పెద్దమనిషి బతిమాలాడు.

సైన్సు పరువు పోతోందని మాస్టారు ప్రయోగం పెట్టారు. నల్లదుప్పటి కట్టి, దాని ముందు కుర్చీలో తెల్లచొక్కా వేసుకున్న లాజరుని కూర్చోబెట్టి అందరి ఎదుటా ఫోటో తీశారు. రీలు వెనక్కి తిప్పి, అదే ఫిలిం మీద ఖాళీ కుర్చీని మళ్లీ తీశారు. కడిగి ఫోటో చూపించారు. కుర్చీలో లాజరు ఉన్నాడు. అతని పొట్టలోంచి కుర్చీ అల్లిక కన్నం కన్నంగా కనిపిస్తోంది.

"చూసేరా? మనిషి బతికే ఉన్నాడు. అయినా ఇలా పడ్డాడు," అన్నారు మాస్టారు గెలిచినట్టు.

అందరూ లాజరు నుంచి రెండడుగులు దూరం జరిగారు.

"ఇంకెన్నాళ్లుందండీ నాకు?" అన్నాడు లాజరు సన్నగా. ఇంటికెళ్లి మంచమెక్కాడు. అతని భార్య ఇందిర క్లబ్బు గుమ్మంలోకి వచ్చి, "మా ఆయన్ని సగం తీసేసుకున్నారు, ఆ సగం మళ్లీ పెట్టండి!" అని గోల పెట్టింది. బైబిల్లో చచ్చి మళ్లీ లేచినవాడి పేరు పెట్టుకుని చావంటే అంత భయమేమిట్రా అని పాస్టరుగారు మందలించినా లాజరు దుప్పటి తీయలేదు.

ఇక లాభం లేదని మాస్టారు ఫోటో, ఫిలిం పట్టుకుని, అంజిబాబుని వెంటబెట్టుకుని సూరయ్యగారి ఇంటికి వెళ్లారు. అరుగు మీద తల్లీకొడుకులిద్దరూ ఉన్నారు. మాస్టారు జరిగిన పొరపాటంతా విడమరిచి చెప్పారు.

కనకమహాలక్ష్మిగారు చేటలో బియ్యం ఏరడం ఆపలేదు. "నాకు మొదట్నించీ తెలుసండి. ఆ పాత ఫోటో తీసినప్పుడు నేనక్కడే ఉన్నాను. చెట్టెక్కిన దింపు కుర్రాడు లేతకాయలు కోసేస్తున్నాడని ఆయన చెయ్యెత్తి తిట్టేరు."

నాగసతీష్ లేచి నిలబడ్డాడు. ఇన్నాళ్లకి మొహంలోకి రంగు వచ్చింది. "అంటే నాన్న అడ్డం చెప్పలేదన్నమాట! తెలిసీ చెప్పలేదేంటమ్మా? లాజరు కాకపోతే ఇంకో డ్రైవరు. రేపే మిషను దింపించేస్తాను."

ఆవిడ చేట కింద పెట్టారు.

"ఆ ఫోటో ఊరంతా చూసేరు. అందులో ముందు నిలబడింది నేను. కాళ్లతో సహా ఉన్నాను. నేనున్నానని ఒక్కళ్లన్నారా? బతికున్నదాన్ని నెలల తరబడి వద్దురా అంటుంటే నీకు వినపడలేదు. పోయినాయన పొగలాగా కనపడేసరికి మిషను ఆపేవు. చెప్పు, నేనూ పోయి ఫోటోలోకి వస్తే వింటావా?"

నాగసతీష్ మాస్టారి వైపు చూశాడు. మాస్టారు అంజిబాబు వైపు చూశారు. అంజిబాబు అప్పటికే చెప్పులు వెతుక్కుంటున్నాడు.