సొట్టబుగ్గ లైసెన్సు

లైసెన్సులు కుదరనందువల్ల ప్రసూనకు పుట్టిన ఆడపిల్లను ఆసుపత్రి నుంచి విడుదల చేయలేదు. తప్పు ఎవరిదీ కాదు. పిల్లను చూడవచ్చిన ఆడపడుచు మంగతాయారు అందరిలాగే పోలికలు చెప్పింది. చెవులు అచ్చం తమ్ముడు వీర్రాజువే అంది. అంతలో పిల్ల నిద్రలో నవ్వితే బుగ్గన సొట్ట పడింది. అది ప్రసూన వాళ్ళమ్మదని, పెళ్ళిలో చూశానని, ఉన్నమాట ఒప్పుకోవాలని కూడా అంది. చట్టంలో పోలిక అంటే నకలు. పక్కనున్న నర్సు రెండూ రాసుకుంది.

లైసెన్సుల విభాగం గుమాస్తా కామరాజు విసుక్కోకుండా వివరించాడు. వీర్రాజు ఇంటివారి పోలికలకు సర్వహక్కులూ ఉన్నాయి, బయటివాళ్ళు వాడకూడదు. ప్రసూన పుట్టింటివారివి స్వేచ్ఛా లైసెన్సువి. ఎవరైనా తీసుకోవచ్చు, కాని వాటితో తయారైనదంతా అదే స్వేచ్ఛతో అందరికీ ఇవ్వాలి. ఒకే పిల్లలో రెండూ కలిశాయి. ఒక షరతు పాటిస్తే రెండోది తప్పుతుంది.

చెవుల మీద హక్కు వదులుకుంటానన్నాడు వీర్రాజు. అవి ఉమ్మడి చెవులు. పెదనాన్నలూ బాబాయిలూ అందరూ సంతకం పెట్టాలి. వాళ్ళు గట్టు తగాదాలో మాటలు మానేసినవాళ్ళు. ఇక సొట్ట షరతు సడలించాల్సిన ప్రసూన తల్లి పోయింది. పోయినవాళ్ళ హక్కు అరవై ఏళ్ళు నిలుస్తుంది, సంతకం నిలవదు.

పైఅంతస్తులో డాక్టరున్నాడని, చిన్న కుట్టు వేస్తే సొట్ట పోతుందని కామరాజు సలహా ఇచ్చాడు.

"మా అమ్మది మిగిలింది అదొక్కటేనండీ," అంది ప్రసూన. "అదీ తీసేస్తే ఎవర్ని తీసుకెళ్ళను?"

కామరాజు నిబంధనలు మళ్ళీ తిరగేశాడు.

"ఇంట్లో వాడుకుంటే స్వేచ్ఛా లైసెన్సు అడ్డురాదమ్మా. బయటివాళ్ళకిస్తేనే షరతు. సొట్ట గడప దాటకపోతే సరి."

"అంటే?"

"పిల్ల నలుగురిలో నవ్వకూడదు."

మంగతాయారు గొడవ పెట్టుకుంటుందని ప్రసూన భయపడింది. ఆడపడుచు మాత్రం పిల్లను తువ్వాల్లో చుట్టి ఎత్తుకుంది.

"ఇంతోటి దానికా ఇన్నాళ్ళు కూర్చోబెట్టారు? ఆడపిల్లకి అదెలాగూ నేర్పుతాం కదండీ."

వీర్రాజు సంతకం పెట్టాడు.

ఇంటికొచ్చి తలుపు వేశాక పిల్ల నవ్వింది. చూసి ప్రసూన నవ్వింది. ఆమె బుగ్గనా సొట్ట ఉందని నాలుగేళ్ళ కాపురంలో వీర్రాజు మొదటిసారి చూశాడు. కాసేపు అలాగే చూశాడు. తర్వాత లేచి వెళ్ళి కిటికీ మూశాడు.