మా వాష్‌బేసిన్ తాగిన ప్రొటీన్

ప్రొటీన్ డబ్బాను ఎవరైనా ఒక్క మాట అంటే నేను ఊరుకోను. దాని మూలంగా మా ఇంట్లో మంచం పట్టిన మనిషి లేచి నడిచారు. ఇంతకన్నా ఏం రుజువు కావాలి?

ఈమధ్య ఏది కొన్నా దానిమీద ప్రొటీన్ అని ఉంటోందని చాలామంది విసుక్కుంటున్నారు. బిస్కెట్‌లో ప్రొటీన్, నీళ్ళ సీసాలో ప్రొటీన్, షాంపూలో ప్రొటీన్. రేపు చెప్పుల మీద రాసినా నేను కాదనను. తోలు కూడా ప్రొటీనే. పాపం, గుడ్డు ఇంతకాలం పెంకు మీద ఏమీ రాసుకోకుండా బతికింది. అందుకే దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ఇక అసలు సంగతి. మా అత్తగారు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. మేడమీద గది ఆవిడది. పుస్తకాలూ, కిటికీ, కిటికీ ముందు కుర్చీ అన్నీ అక్కడే. మెట్ల మీద జారి తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి పంపాక కింద హాల్లో టీవీ పక్కన మంచం వేశాం. ఆవిడ అడిగింది ఒక్కటే: "నా గదికి ఎప్పుడు వెళ్తాను?"

డాక్టర్ రెండు మాటలు చెప్పాడు. బాగా తినిపించండి, రోజూ పట్టుకుని నడిపించండి. ఆలస్యమైతే కండ కరిగిపోతుంది, ఆ తర్వాత మెట్లు కష్టం అన్నాడు. మొదటిది దుకాణంలో దొరుకుతుంది. కాబట్టి మొదటిది చేశాం.

జిమ్‌కు వెళ్ళే మా బావమరిది డబ్బా తెచ్చాడు. బకెట్ అంత ఉంది. చాక్లెట్ ఫ్లేవర్.

"ఏంట్రా ఇది?" అన్నారు అత్తగారు.

"ప్రొటీన్ అమ్మా. తాగితే నేరుగా తొడలోకి వెళ్తుంది."

"దానికి దారి ఎవరు చెప్తార్రా?"

అని, ఆవిడ మాకు క్లాసు తీసుకున్నారు. మేం ఫోన్లు చూసుకుంటూ విన్నాం. విలేకరిని కాబట్టి విన్నది విన్నట్టు రాస్తున్నాను.

కణం సంచి కాదు, ఇల్లు. కూలిపోకుండా దాన్ని నిలబెట్టే దూలాలు ప్రొటీన్లు. గోడలో ఉండే తలుపులు ప్రొటీన్లు. ఎవరిని రానివ్వాలో, ఎవరిని పొమ్మనాలో వాటికి తెలుసు. లోపల వంటా, మరమ్మతులూ, కబుర్లు అందించడమూ చాలావరకు వాటి పనే. ప్రతి ప్రొటీనూ దండలా పొడుగ్గా తయారై, ముడుచుకుని ఒక ఆకారానికి వస్తుంది. ఆ ఆకారమే దాని ఉద్యోగం. ఆకారం చెడితే ఉద్యోగం పోతుంది. మనం తిన్న ప్రొటీన్‌ని కడుపు ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలతో ఏ కణానికి కావలసింది ఆ కణం కట్టుకుంటుంది. డబ్బా మీద కండలు చూపిస్తున్న కుర్రాడి బొమ్మ దానికి కనపడదు.

కండలో రెండు రకాల పోగులుంటాయట. ఒకదాని పక్కన ఒకటి జారితే కాలు కదులుతుంది. జారే పని తగ్గితే శరీరం ఆ పోగుల్ని విప్పేసి వేరేచోట వాడుకుంటుంది.

"ఇంకో ప్రొటీన్ ఉంది. బరువు నెత్తిన పెట్టుకుని, కణంలో ఈ చివర్నుంచి ఆ చివరికి అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తుంది. దాన్ని నడవమంటే, మీటింగుంది తర్వాత వస్తా అనదు" అని ఆవిడ ఆగి మావైపు చూశారు.

ఎందుకు చూశారో మాకు తెలియలేదు. మా ఆవిడకు నిజంగానే మీటింగుంది. నాకు కాలమ్ రాసే పనుంది. బావమరిదికి జిమ్ ఉంది. అక్కడ అతను ఒక యంత్రం మీద గంటసేపు నడుస్తాడు, ఎక్కడికీ వెళ్ళకుండా.

అలాగని అత్తగారిని వదిలేశామా? తిండి వేళకు పెట్టాం. పూటపూటకూ ఒకరం పొడి కలిపి, మంచం పక్కన స్టూలు మీద గ్లాసు పెట్టి వెళ్ళేవాళ్ళం. తిరిగొచ్చి చూస్తే గ్లాసు ఖాళీ. ఇంత సేవ ఏ ఇంట్లో జరుగుతుంది?

కొన్ని వారాలకు ఫిజియోథెరపిస్ట్ వచ్చింది. అత్తగారిని లేపి, నడిపించి, కాలు నొక్కి చూసి, "బాగా నడిపిస్తున్నారే. ఎవరండీ రోజూ పట్టుకుంటున్నది?" అంది.

మేం ముగ్గురం ఒకరినొకరు చూసుకున్నాం.

"డబ్బా" అన్నాడు బావమరిది. ఆ సాయంత్రమే ఇంకోటి తెచ్చాడు.

ఆ వారంలోనే హాలు చివర, మెట్ల దగ్గరున్న వాష్‌బేసిన్‌లో నీళ్ళు నిలిచిపోయాయి. ప్లంబర్ వచ్చి కింద పైపు విప్పాడు. గోధుమరంగు ముద్ద ఒకటి జారి బకెట్‌లో పడింది.

"ఏంటండీ ఇది, సిమెంట్ గానీ కలిపి పోశారా?" అని వాసన చూశాడు. "చాక్లెట్టు!"

అత్తగారు మంచం మీద పత్రిక మడిచి పక్కన పెట్టారు.

"నేనే. ఆ రుచి నావల్ల కాలేదు. మొదట్లో వాకర్ పట్టుకుని, గ్లాసు దాని సంచిలో పెట్టుకుని వెళ్ళేదాన్ని. తర్వాత గోడ పట్టుకుని. ఇప్పుడు గ్లాసొక్కటే పట్టుకుని."

"ఒక్కదానివే? పడిపోతే ఏమయ్యేదమ్మా?" అంది మా ఆవిడ.

"పడేదాన్ని. మీరొచ్చేదాకా పడుండేదాన్ని. గుటకేస్తే నా కాలు పోతుంది, పారబోస్తే నా గది వస్తుంది. ఏది చెయ్యమంటావు?"

మేం ముగ్గురం పైపు కేసి చూశాం.

ప్లంబర్ పైపు బిగించి, "ఇకమీదట మొక్కలకు పొయ్యండమ్మా" అన్నాడు.

"మొక్కలు ఇంకా దూరం" అన్నారు ఆవిడ. మళ్ళీ తనే, "మంచిదే" అన్నారు.

మర్నాడు రెయిలింగ్ పట్టుకుని, మెట్టుకోసారి ఆగుతూ, అత్తగారు తన గదికి వెళ్ళిపోయారు. వెనక నడవమని మాలో ఎవరినీ అడగలేదు.

కాబట్టి డబ్బాను తిట్టేవాళ్ళకు ఇదే నా సమాధానం. తయారీదార్లకు మాత్రం ఒక మనవి. దయచేసి రుచి బాగుచేయకండి. అది బాగుండి ఉంటే మా అత్తగారు ఇంకా టీవీ పక్కనే ఉండేవారు.

ఇప్పుడు ఫిజియోథెరపిస్ట్ ఆవిణ్ణి రోజూ వీధి చివరిదాకా నడిపించమంది, పక్కన ఎవరైనా తప్పకుండా ఉండాలంది. ఈ విషయం మేం ముగ్గురం కూర్చుని సీరియస్‌గా చర్చించాం. బావమరిది ఇంతకన్నా చేదుగా ఉండే ఫ్లేవర్ కోసం వెతుకుతున్నాడు.