పెనుమూడి వంతెన మీద సైకిలు

భర్త నిద్ర లేచేలోపు పెనుమూడి వంతెన దాకా సైకిలు మీద వెళ్ళి రావాలన్నది దేవకుమారి టీచర్ ఆలోచన. రిటైరయ్యేదాకా రేపల్లె నుంచి ఆ దారినే సైకిలు మీద బడికి వెళ్ళిన మనిషి. క్యాన్సర్‌కి కీమోలు, రేడియేషన్ కరెంటు పెట్టడం అన్నీ అయ్యాయి. "మెల్లగా సైకిలు తొక్కండమ్మా, మంచిదే" అని డాక్టరు కూడా చెప్పాడు. భర్త ఎబినేజర్ మాత్రం ససేమిరా అన్నాడు.

"పడితే?" అన్నాడు ముందురోజు రాత్రి.

"లేస్తానండి."

"లేవకపోతే నేనెవరితో బతకాలే?"

"ఇట్టా మంచం మీదే కూర్చోబెడితే నేను బతికుండి మాత్రం ఏం లాభం?" అని ఆవిడ కంచం ముందు నుంచి లేచిపోయింది. తెల్లవారుజామున కన్నంటుకునేదాకా ఆ మాట ఆయన చెవుల్లో గింగురుమంటూనే ఉంది.

పొద్దున చూస్తే మంచం ఖాళీ. సైకిలు లేదు. ఆవిడ ఫోను బల్ల మీదే ఉంది. ఎబినేజర్ గుండె గుభేలుమంది. బనీనుతోనే స్కూటీ ఎక్కి వంతెన దగ్గరికి పరుగెత్తించాడు. రెయిలింగుకి ఆనించి సైకిలు, దాని హ్యాండిలుకి ఆవిడ తలకు కట్టుకునే గుడ్డ! కింద కృష్ణ నిండుగా పారుతోంది. మనిషి జాడ లేదు.

నిజానికి దేవకుమారి, కొత్తగా మొలుస్తున్న జుట్టుకి కాస్త గాలి తగలనిద్దామని గుడ్డ విప్పేసి, వంతెన కింద పడవ దగ్గర చేపలు బేరమాడుతోంది. ఆ సంగతి పైనున్న ఆయనకెలా తెలుస్తుంది? ఏసు గుడి గంట కొట్టే మత్తయికి ఫోను చేశాడు.

"మత్తయీ, గంట కొట్టి అందర్నీ పిలువు! మా దేవకుమారి... కృష్ణ దగ్గర..." ఆ తర్వాత ఏడుపే తప్ప మాట రాలేదు.

మత్తయికి అంతకన్నా వివరం అక్కర్లేకపోయింది. మామూలు రోజున గుడి గంట ఆగి ఆగి ఒక్కొక్కటిగా మోగిందంటే ఎవరో పోయారనే. అతను అలాగే కొట్టాడు. ఆ గంట విని పక్కింటి సుగుణమ్మ శోకాలు అందుకుంది. టీచరమ్మ ఇంటి ముందు షామియానా లేచింది. ఐస్ పెట్టె దిగింది. ఏ పాట పాడాలన్న దగ్గర మాత్రం చిన్న తగువొచ్చింది.

అక్కడ ఎబినేజర్, అవతలి గట్టున ఎవరైనా చూశారేమో అడుగుదామని స్కూటీ అటు తిప్పాడు. ఆయన అటు పోగానే దేవకుమారి గట్టెక్కి, చేపల సంచీ హ్యాండిలుకి తగిలించి హాయిగా ఇంటిదారి పట్టింది.

ఇంటి ముందు ఐస్ పెట్టె చూసేసరికి ఆవిడ పైప్రాణాలు పైనే పోయాయి. ఇంట్లో ఉన్నది ఆయనొక్కడే కదా! రాత్రి తానన్న మాట గుర్తొచ్చింది. సైకిలు అక్కడే పడేసి, చేపలు దుమ్ములో దొర్లుతున్నా చూడకుండా పరుగెత్తి వెనక నుంచి సుగుణమ్మను వాటేసుకుంది.

"నా నోరు పడిపోనూ! నా మాటకే ఆయన గుండె ఆగిపోయింది! ఎప్పుడు పోయారే?"

"ఆయన కాదమ్మా, ఆవిడ..." అంటూ వెనక్కి తిరిగిన సుగుణమ్మ కెవ్వుమంది. "వదినా! నువ్వే కదా పోయింది!"

అప్పుడే, అవతలి గట్టున జాడ దొరక్క ఎబినేజర్ తిరిగొచ్చాడు. ఆయన కంటికి జనం కనబడలేదు, పెట్టే కనబడింది. శవం దొరికిందనుకున్నాడు. లోపల మనిషి ఉందో లేదో కూడా చూడకుండా దాని మీద పడి భోరుమన్నాడు.

"తొక్కుకోవే తల్లీ! నీ ఇష్టమొచ్చినట్టు తొక్కుకో! ఇంకెప్పుడూ వద్దననే!"

"సంఘమంతా విన్నారుగా?" అంది దేవకుమారి, ముక్కు చీదుకుంటూ.

ఆయన తలెత్తి చూశాడు. ఆవిడ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆవిడా విడిపించుకోలేదు.

ఇప్పుడు దేవకుమారి రోజూ పెనుమూడి వెళ్ళొస్తోంది. మత్తయి మాత్రం, ఊళ్ళో ఎవరు పోయినా సరే, ఆవిడ సైకిలు ఇంటికొచ్చిందని చూసుకున్నాకే గంట తాడు ముట్టుకుంటున్నాడు.