నలభై ఒకటో పేజీ

ఒక్క పేజీ కూడా తిప్పని పుస్తకం గురించి మీలో ఎంతమంది సభల్లో మాట్లాడారు? చేతులెత్తక్కర్లేదు. కథ వినండి చాలు.

ఒక పెద్ద అడవిలో, అందరూ ఆకులు తింటుంటే ఆ ఆకుల మీద కథలు రాసుకునే ఒక దేవాంగపిల్లి ఉండేది. పేరు కాటుకమ్మ. ఒళ్లు గుప్పెడు, కళ్లు చేటంత. రాసేవన్నీ భయం కథలే. తనే రాసి, తనే నారతో కుట్టి, పది ప్రతులు తయారు చేసుకున్న పుస్తకం పేరు 'ఆరో పిల్ల'.

అందులో ఒక తల్లి ఐదుగురు పిల్లలతో గుహలోకి వెళుతుంది. ఆరుగురితో బయటికొస్తుంది. ఆరు ముఖాలూ తనకు తెలిసినవే. ఆరు పేర్లూ నోటికొస్తాయి. మరి ఎక్కువైంది ఎవరు?

ఆ అడవిలో ఒక రూలుండేది. సమీక్షా సంఘం మెచ్చిన పుస్తకమే జంతువుల చేతికి వెళ్లాలి. సంఘం పట్టించుకోనిది పున్నమి నాటికి చెదలపుట్టలో పడాలి. సంఘంలో తొమ్మిది మంది సభ్యులు, వాళ్లకు అధ్యక్షుడు నక్క.

కాటుకమ్మ పుస్తకం పట్టుకెళ్లింది. నక్క అటూ ఇటూ తిప్పి చూసి, మొదటి ఆకు దగ్గరే ఆగిపోయింది.

"ముందుమాట ఏదమ్మా?"

"లేదండీ. నేరుగా కథే మొదలవుతుంది."

"మరి లోపల ఏముందో మాకెలా తెలుస్తుంది?"

"చదివితే తెలుస్తుందండీ."

నక్క జాలిగా చూసింది. కొత్తగా రాసేవాళ్ల అమాయకత్వం దానికి అలవాటే. భయం కథలు అసలు సాహిత్యం కిందికే రావనీ, అయినా ఏనుగుగారు నాలుగు వాక్యాలు రాసిస్తే అప్పుడు ఆలోచిస్తామనీ చెప్పి పంపేసింది.

ఏనుగు పెద్ద కవి. కవిత్వం మానేసి ఇరవై ఏళ్లయింది గానీ ముందుమాటలు మానలేదు. వెదురు నములుతూనే అట్ట మీద 'పిల్ల' అన్న మాట చూసి తొండంతో గిలికిచ్చింది: పసితనపు తీపిని పంచే పుస్తకం, ప్రతి తల్లీ పిల్లలకు చదివి వినిపించాలి, అని.

కాటుకమ్మ నోరు తెరిచింది. పున్నమికి ఇంకా రెండు రోజులే ఉన్నాయి. నోరు మూసుకుంది.

మర్నాటికి తొమ్మిది సమీక్షలొచ్చాయి. తొమ్మిదింటిలోనూ పసితనపు తీపే. నెమలి మాత్రం 'జోలపాటలాంటి శైలి' అని సొంతంగా ఒక ముక్క కలిపింది. పది మంది తల్లులు పోటీపడి పది ప్రతులూ పట్టుకుపోయారు.

పదో పేజీ దాటి చదవగలిగిన తల్లి లేదు. వారం తిరక్కుండా అడవి తీరే మారిపోయింది. ఎవరి గూడు దగ్గర చూసినా పిల్లల్ని లెక్కపెట్టుకోవడమే. లెక్క సరిపోతే ఇంకా భయం. అడవిపంది ఇల్లాలు తన ఆఖరి పిల్లను పాలకు రానివ్వడం లేదు. చివరికి ఎలుగుబంటి ఎల్లమ్మ ఉన్న ఇద్దరినీ చంకనేసుకుని సంఘం మీదికొచ్చింది.

"ఏమయ్యా నక్కా, నువ్వు చదివే రాశావా?"

"చదివితే నిష్పాక్షికత పోతుందమ్మా," అంది నక్క. "సమీక్షకుడు పుస్తకానికి ఎంత దూరంగా ఉంటే అంత మంచిది."

ఆ పైన తప్పంతా కాటుకమ్మ మీదికి తోసేసింది. పిల్లల పుస్తకమని సంఘాన్ని మోసం చేసిందట. పది ప్రతులూ చెదలపుట్టలో వేయమని తీర్మానించింది. కాటుకమ్మ ఏడవలేదు, బతిమాలలేదు. పుస్తకాన్ని చంపే ముందు మీలో ఒక్కరైనా చదవండి అని మాత్రం అడిగింది. తొమ్మిది మందీ ఆకాశం చూశారు. పుస్తకాలు పుట్టలో పడ్డాయి.

మూడో రోజు చెదలు వరసకట్టి సంఘం సభకొచ్చాయి. ఒక ముసలి చెదపురుగు ముందుకొచ్చింది.

"నలభై పేజీలు తిన్నాం," అంది. "నలభై ఒకటో పేజీలో ఆ తల్లి గుహకేసి వెనక్కి తిరుగుతుంది. లోపల్నుంచి ఐదు గొంతులు 'అమ్మా' అని పిలుస్తాయి. తినడానికి మాకు ధైర్యం చాలడం లేదు, వదిలేయడానికి మనసొప్పడం లేదు. తర్వాతేమైంది, తల్లీ?"

ఎల్లమ్మ చంకలోని ఇద్దరినీ ఇంకా గట్టిగా పట్టుకుంది. కాటుకమ్మ కళ్లు నిండాయి. ఆ కళ్లు నిండాలంటే చాలా నీళ్లే కావాలి. ఇన్నేళ్లలో ఆమెకు వచ్చిన మొదటి సమీక్ష అది.

అక్కడికక్కడే సంఘం రద్దయింది. ఇప్పుడు ఆ అడవిలో సమీక్షలు రాసేది చెదలే. వాటికిచ్చిన ప్రతి ఎలాగూ మిగలదు గానీ, ప్రతి పేజీ వాటి నోట్లోంచి వెళ్లాకే మాట బయటికొస్తుంది. నక్కకేం, అది ముందుమాటలు రాసుకుంటోంది.

నీతి: రుచి చూడకుండా వడ్డించేవాడి కన్నా పుస్తకాన్ని నమిలి మింగేసేవాడే సాహిత్యానికి మిత్రుడు.

కాబట్టి ఈసారి మీ ఊళ్లో పుస్తకావిష్కరణ జరిగితే తప్పకుండా వెళ్లండి. వేదిక మీద పెద్దమనిషి శాలువా సర్దుకుని 'అద్భుతం' అనగానే లేచి నిలబడి ఒక్క ప్రశ్న అడగండి: నలభై ఒకటో పేజీలో ఏముందండీ? జవాబొచ్చేదాకా కూర్చోకండి.