‘పాస్’ అంటే ఏమిటో రాయించిన వైనం

లిఫ్టులను నడిపే సాఫ్ట్‌వేర్ తయారుచేసే మా సంస్థ, తన పరీక్షల టూలుకు వినియోగ పత్రం రాయించాలని నిర్ణయించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఏ పరీక్ష ఎవరు చేశారు, అది పాస్ అయిందా ఫెయిల్ అయిందా అని నమోదుచేసే టూలు అది. తయారుచేసింది మావాళ్లే. తయారుచేసి వెళ్లిపోయారు. దాన్ని ఎలా వాడాలో ఎక్కడా రాయలేదు. కొత్తగా చేరిన టెస్టర్లు అడిగితే, "పక్కవాళ్లు చేసేది చూస్తూ ఉండండి, అదే వచ్చేస్తుంది" అనేవారు. పక్కవాళ్లూ తమ పక్కవాళ్లను చూసి నేర్చుకున్నవాళ్లే. ఓ మూల ఉన్న ఎర్ర బటన్ నొక్కితే ఏమవుతుందో తెలియక, ఒకావిడ రిటైరయ్యేదాకా దాని జోలికి పోలేదు. కాస్త రాసిపెట్టండని టెస్టర్లు పెట్టుకున్న అర్జీకి, మనిషన్నాక ఆమాత్రం బుర్ర ఉండాలని జవాబొచ్చింది.

ఇప్పుడు పరీక్షలు తానే చేస్తూ ఆ టూలు వాడటానికి ఏఐ ఏజెంటు అనే ప్రోగ్రామును తెచ్చారు. దానికి పక్కన కూర్చుని చూసే సౌకర్యం లేదు. రాసిస్తేనే తెలుస్తుంది. డైరెక్టరుగారు సభ పెట్టి ప్రసంగించారు. "ఏజెంటుకు అర్థం కాలేదంటే తప్పు దానిది కాదు, మనది. ప్రతి మాటా విడమరచి చెప్పాలి. దాన్ని అయోమయంలో పెట్టడం అమానుషం." అయోమయంలోనే జుట్టు నెరిసిన టెస్టర్లు వెనక వరసలో అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టారు. ఎవరి ఉద్యోగం ఉంటుందో ఎవరిది ఊడుతుందో తేలే రోజులవి.

పత్రం రాయడానికి ఓ అమ్మాయిని తీసుకున్నారు. అంతవరకు టెస్టర్లు భోజనాలు చేసిన కిటికీ గదిని ఆమెకిచ్చి, వాళ్లను మెట్ల మీద తినమన్నారు. వివరాలు చెప్పే పని సీనియర్ టెస్టరుకు అప్పగించారు. ఆవిణ్ని ఆఫీసంతా అక్క అంటుంది.

"పాస్ అంటే ఏంటక్కా?" అని మొదలుపెట్టింది అమ్మాయి.

"ఏ పాస్?"

"ఎన్ని ఉన్నాయేంటి?"

"పనిచేస్తే పాస్. చెయ్యకపోయినా, మొన్న చేసిందిగా అని ఎవరైనా అంటే పాస్. సాఫ్ట్‌వేర్ విడుదల దగ్గరపడితే అన్నీ పాస్."

"మరి ఫెయిల్?"

"అది మేనేజరుగారు సెలవులో ఉన్నప్పుడు."

"ఇదే రాసెయ్యనా?"

అక్క తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "నా కొంప మునుగుతుందే తల్లీ. ఎలా ఉండాలో అలా రాయి."

అమ్మాయి అలాగే రాసింది. లిఫ్టు చెయ్యాల్సిన పని కళ్లెదుట చేస్తే పాస్, చెయ్యకపోతే ఫెయిల్ అని. పత్రం అద్భుతంగా ఉందని డైరెక్టరుగారు తెరవకుండానే మెచ్చుకున్నారు.

ఏజెంటు మాత్రం తెరిచి, ఆసాంతం చదివింది. మా సంస్థ చరిత్రలో ఇలాంటి అఘాయిత్యం ఇదే మొదటిసారి. చదివింది చదివినట్టే చేసి, తలుపుల పరీక్షను ఫెయిల్ చేసింది. మూసుకుంటున్న తలుపుల మధ్య చెయ్యి అడ్డొస్తే అవి తిరిగి తెరుచుకోవాలి. తెరుచుకోలేదు. తెరుచుకోకుండానే ఏళ్ల తరబడి పాసవుతూ వచ్చిన పరీక్ష అది. ఒక్క ఫెయిల్ ఉన్నా ఏజెంటు విడుదలకు ఒప్పుకోదు. విడుదల ఆగిపోయింది. సంస్థ వెంటనే మేల్కొని లోపాన్ని పట్టుకుంది. తలుపులో కాదు, పత్రంలో. అది మరీ స్పష్టంగా ఉందట.

సవరణ కోసం సమావేశం జరిగింది.

"విడుదల ముందు ఏం చెయ్యాలో అందరికీ తెలిసిందేగా. అదే రాసెయ్యమ్మా" అన్నారు మేనేజరుగారు.

"దానికి తెలీదు కదండీ. మీరు చెప్పండి, రాసుకుంటాను."

మేనేజరుగారు డైరెక్టరుగారి వైపు చూశారు. డైరెక్టరుగారు మంచినీళ్లు తాగారు. ఎప్పటినుంచో చేస్తున్న పనిని పైకి చెప్పగల నోరు ఆ గదిలో కరువైంది. చివరికి సంస్థ న్యాయ సలహాదారు కళ్లద్దాలు తుడుచుకుని సెలవిచ్చారు. "విడుదల సామీప్యమందు వైఫల్యమును సఫలతకు పూర్వరూపముగా పరిగణించవలెను."

"అంటే, తలుపు చేతి మీద మూసుకున్నా పాసనేనా అండీ?"

"ఏం భాషమ్మా అది" అని నొచ్చుకున్నారు డైరెక్టరుగారు.

"నేను రాయలేనండి. రేపు ఎవరి చెయ్యో పోతుంది."

"చెయ్యి ఎందుకు పోతుంది? ఇక్కడ మారేది పరిగణన ఒక్కటే."

అమ్మాయి ఒప్పుకోలేదు. అక్క తలెత్తలేదు, ఆవిడ జీతం మీదే ఇల్లు గడుస్తుంది. సమష్టి కృషిలో ఇమడలేదన్న కారణంగా అమ్మాయిని పంపించేసి, సవరణ పనిని ఏజెంటుకే అప్పగించారు. అది క్షణంలో రాసి, కింద ఓ ప్రశ్న వేసింది. "ఈ నియమం పాటిస్తే మనుషుల చేతుల మీద మూసుకునే తలుపులు విడుదలవుతాయి. మీకు సమ్మతమేనా?" పక్కనే చిన్న గడి ఉంది. డైరెక్టరుగారు అలవాటు కొద్దీ అందులో టిక్కు పెట్టి, ఏజెంటు చురుకుదనాన్ని కొనియాడారు.

ఆ సాఫ్ట్‌వేర్‌తో లిఫ్టులు బయటికి వెళ్లాయి. ఓ భవనంలో ఒక దర్జీ కుడిచేతి వేళ్లు నలిగిపోయాయి. "ఆ చేత్తోనే కదండీ మేం నలుగురం తింటున్నాం" అని ఆసుపత్రి వరండాలో అతని భార్య కనిపించినవాళ్లందరికీ చెప్పింది. సంస్థ తీవ్ర విచారం వెలిబుచ్చి, విచారణ సంఘం వేసింది.

సంఘం ముందు అక్క ఈసారి తలెత్తింది. "ఆ తలుపు ఏనాడూ పనిచెయ్యలేదండి. పాస్ నొక్కమన్నారు, నొక్కాను. నొక్కకుండా ఉండాల్సింది." సంఘం ఆమె నిజాయితీని ప్రత్యేకంగా అభినందించి, ఉద్యోగంలోంచి తీసేసింది. నియమం పత్రంలో ఉంది, సమ్మతి గడిలో ఉంది, కనుక పైవాళ్లెవరి తప్పూ లేదని తేల్చింది. అసలు లోపం లిఫ్టు ఎక్కేవారికి తగిన వినియోగ పత్రం లేకపోవడమేనంది.

ఆ విధంగా మా సంస్థ ఎట్టకేలకు మనుషుల కోసం కూడా ఒక పత్రం రాయించింది. "తలుపుల మధ్య చెయ్యి పెట్టరాదు. పెట్టినచో బాధ్యత మీదే. లిఫ్టు ఎక్కినవారు దీనిని చదివి సమ్మతించినట్లు భావించబడును." ప్రతి లిఫ్టులోనూ అద్దం పక్కనే అతికించాం. మీరు రోజూ దాని ముందే నిలబడి, అద్దంలో చూసుకుంటూ జుట్టు సవరించుకుంటున్నారు. మీ సమ్మతికి మా కృతజ్ఞతలు.