'ఎందుకంటే'కు ఒక మార్కు

జీవశాస్త్రం మాస్టారిని చాలా ఏళ్లుగా ఒక సందేహం వదలడం లేదు. ప్రశ్నపత్రంలో 'వర్ణించండి' అన్నా, 'వివరించండి' అన్నా, 'పోల్చండి' అన్నా పిల్లలు రాసే జవాబు ఒకటే, ఆయన వేసే మార్కులూ అవే. అలాంటప్పుడు ఇన్ని మాటలు దేనికి? దేవుడు ఏదీ వృథాగా సృష్టించడని నమ్మే మనిషి ఆయన. అయితే ప్రశ్నపత్రాన్ని సృష్టించింది దేవుడు కాదు గనక, ఆ నమ్మకం ఇక్కడ ఎంతవరకు చెల్లుతుందో తేలక, రోజూ ప్రార్థన చివర ఈ సంగతి కూడా విన్నవించుకునేవారు.

ప్రార్థన ఫలించింది. ఆ ఏడు హెడ్మాస్టరుగారు సంస్కరణ ప్రకటించారు. 'వర్ణించండి' అంటే ఏం జరిగిందో చెప్పాలి. 'వివరించండి' అంటే ఎందుకు జరిగిందో చెప్పాలి. 'పోల్చండి' అంటే రెండింటి పోలికలూ తేడాలూ చూపాలి. మాస్టారి కళ్లు చెమర్చాయి.

అక్కడితో ఆగితే అది సంస్కరణ ఎలా అవుతుంది? దిద్దేవారి శ్రమ తగ్గించేందుకు గుర్తులు కూడా ఖరారు చేశారు. మధ్యలో నిలువు గీత ఉంటే పోల్చినట్టు. 'ఎందుకంటే' ఉంటే వివరించినట్టు. లేకపోతే సున్నా. చూస్తుండగానే పిల్లలు ఆరితేరిపోయారు. 'పోల్చండి' అన్న మాట వినబడితే చాలు, బడి బడంతా స్కేళ్లు తీసేది. మొక్క కణాన్నీ జంతు కణాన్నీ పోల్చమంటే ఒక బెంచీ మొత్తం చక్కటి గీత గీసి, రెండు పక్కలా ఖాళీ వదిలి, పూర్తి మార్కులు తెచ్చుకుంది. 'గుండెకు నాలుగు గదులుంటాయి. ఎందుకంటే ఉంటాయి' అన్న జవాబును ఆదర్శంగా నోటీసుబోర్డు మీద అంటించారు.

చెమట పడితే ఒళ్లెందుకు చల్లబడుతుందో వివరించమంటే మాస్టారి కూతురు మాత్రం 'చెమట ఆరుతూ ఒంటి వేడిని తీసుకుపోతుంది' అని రాసింది. నిబంధన ప్రకారం తండ్రే సున్నా వేశారు. ఆ ఒక్క సున్నాతో పిల్ల తప్పింది. మళ్లీ రాసి గట్టెక్కకపోతే పై తరగతి లేదు.

"కన్నకూతురికి సున్నా వేసిన చేత్తో తింటుంటే ముద్ద ఎలా దిగుతోందో" అంది ఇల్లాలు కంచం ముందుకు తోస్తూ.

మాస్టారు వెళ్లి జవాబు సరైనదేనని మొరపెట్టుకున్నారు. హెడ్మాస్టరుగారు ఎంతో ఓర్పుగా విన్నారు.

"సరైనదే మాస్టారూ, కాదన్నదెవరు? రేపు ప్రతివాళ్లూ సరైన జవాబు పట్టుకొచ్చి మార్కులడిగితే ఈ బడి గతేం కాను? బంగారంలాంటి పిల్ల. కాస్త పద్ధతి నేర్పుకోండి."

పిల్ల నేర్చుకుంది. 'చెమట పడితే ఒళ్లు చల్లబడుతుంది. ఎందుకంటే చెమట పడుతుంది' అని రాసి గట్టెక్కింది. ఇరుగుపొరుగు వచ్చి మెచ్చుకుని వెళ్లారు.

ఆ సాయంత్రం మాస్టారు కూతురి పక్కన కూర్చున్నారు. పసితనంలో ఓసారి "గుండెకి సెలవుండదా నాన్నా?" అని అది అడిగితే, "రేపు చెబుతాలే" అన్నారాయన. ఆ రేపు ఏళ్ల తరబడి బాకీ పడి ఉంది.

"ఉంటుందమ్మా" అన్నారు. "దెబ్బకీ దెబ్బకీ మధ్య కాస్త ఆగుతుంది. ఆ కాస్తే దానికి సెలవు. ఆ మాత్రం దొరకబట్టే బతికినన్నాళ్లూ కొట్టుకోగలుగుతుంది."

పిల్ల గుండె మీద చెయ్యి వేసుకుని విన్నది. ఒక్క క్షణం దాని కళ్లు వెలిగాయి. ఆ తరవాత తండ్రి వైపు జాలిగా చూసింది.

"బాగుంది నాన్నా. కానీ బళ్లో ఇలా చెప్పకు. 'ఎందుకంటే' లేదుగా, సున్నా వేస్తారు."