పెళ్లికార్డు కింది సగం

పాలు పొంగే క్షణం చూసుకునే ఫోను మోగింది. కొత్త కాపురం కదా, స్టౌ దగ్గర ఇద్దరూ ఉన్నారు. భర్త ఒక చేత్తో ఫోనూ, ఇంకో చేత్తో గిన్నె మూతా అందుకుని, కంగారులో మూతని చెవికి ఆనించుకుని "హలో" అన్నాడు. టీచరమ్మ పడీపడీ నవ్వుతూ రెండో చేతిలోంచి ఫోను లాక్కుంది.

అవతల హెడ్మాస్టరమ్మ. "విద్యాధికారిగారు రేపొస్తున్నారమ్మాయ్! నీ రెండో తరగతి పిల్లలు తలా ఒక వాక్యం చూసి చదివితే, విరిగిన బెంచీలు పడేసిన గదిని పుస్తకాల గది చేస్తారట. చదవలేదో, ఆ గది ఇక బెంచీలకే రాసిచ్చినట్టు!"

టీచరమ్మ ఫోను చేతిలో ఉండగానే గిరగిరా తిరిగింది. ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఆమె కల ఆ గది. కింద చాపలు, పిల్లల చేతికందే ఎత్తులో కథల పుస్తకాలు. చిక్కల్లా పిల్లలతోనే. పాఠం అంతా పాటలా అప్పజెప్పేస్తారు. పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా పాట ఆగదు. పుస్తకం లాగేసుకున్నా ఆగదు.

"వాళ్లకి నోటికి రాని వాక్యాలు కావాలండీ. అట్టముక్కల మీద రాసి ఇళ్లకి పంపిస్తాను. ఇంత పొద్దున్నే అట్టలెక్కడ దొరుకుతాయో!"

భర్త అటక మీంచి ఒక కట్ట దించాడు. మిగిలిపోయిన పెళ్లికార్డులు. 'పిలవలేదన్న మాట రాకూడదు' అని అత్తగారు ఊరందరికీ సరిపడా అచ్చు వేయించింది. వెనక వైపు తెల్లగా మల్లెపువ్వులా ఉంది. కత్తెర పట్టాడే గాని, భర్త చెయ్యి ఆగిపోయింది.

"మన పేర్లు పిల్లల చేతుల్లో నలిగిపోతాయోయ్. నాకు మనసొప్పట్లేదు."

అందుకని ప్రతి కార్డునీ అడ్డంగా కోశాడు. పేర్లూ పెళ్లి తేదీ ఉన్న పై సగాలు బీరువాలో భద్రంగా దాచుకున్నాడు. కింది సగాలు భార్యకిచ్చాడు. ఇలాంటి మొగుడు ఏ నోము ఫలమోనని మురిసిపోతూ, ఆమె వాటి వెనక 'పిల్లి పాలు తాగింది', 'మేక ఆకు మేసింది' అని గుండ్రంగా రాసి బడికి పట్టుకెళ్లింది.

"ఇంట్లో అందరికీ చదివి వినిపించాలి. ఇవాళ సాయంత్రమే! మర్చిపోయారో, ఊరుకోను!" అని వేలు చూపించి మరీ పంచింది.

సాయంత్రం ఆరవుతుండగా తలుపు చప్పుడైంది. ఒక అవ్వ, ఆమె కొంగు పట్టుకుని రెండో తరగతి మనవరాలు. అవ్వ కట్టుకున్నది పెట్టెలోంచి తీసిన పట్టుచీర.

'చదువు వినిపించడానికి ఇంతదూరం వచ్చారు, పాపం!' అనుకుని టీచరమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. "రండవ్వా, కూర్చోండి."

"కూర్చుంటాలే తల్లీ. ముందు మీ ఆయన్ని పిలువు, ఇద్దరికీ కలిపి దీవెనలిస్తా."

ఆ దీవెన పూర్తి కాకముందే దర్జీ, ఆయన భార్య, ముగ్గురు పిల్లలు దిగారు. చేతిలో రంగుకాగితం చుట్టిన గోడగడియారం. వాళ్ల వెనకే చాకలాయన కుటుంబం, ఇంకో గోడగడియారం. ఆ తర్వాత ఎవరొచ్చారో, ఎన్ని గడియారాలొచ్చాయో లెక్క లేదు. ఇల్లంతా టిక్కుటిక్కుమంటోంది. వంటింట్లో బనీనుతో కూర కలుపుతున్న పెళ్లికొడుకుని నలుగురు మగాళ్లు బయటికి లాక్కొచ్చి వాటేసుకున్నారు.

"ఏమైందే మీ వాళ్లకి?" అన్నాడాయన గరిటె పట్టుకునే.

"నా పిల్లలు చదవలేదేమోనని క్షమాపణకి వచ్చారేమో!"

"క్షమాపణకి గడియారాలెందుకే?"

అంతలో దర్జీ జేబులోంచి అట్టముక్క తీశాడు. అటువైపు బంగారు అక్షరాలు మెరిశాయి. 'సాయంత్రం ఆరు గంటలకు మా స్వగృహమున జరుగు విందుకు...' కింద ఇంటి చిరునామా. తేదీ మాత్రం లేదు. అది బీరువాలో ఉంది. ఇవాళ సాయంత్రమేనని టీచరమ్మ తన నోటితోనే చెప్పింది.

టీచరమ్మ వంటింట్లోకి పరిగెత్తి కూరగిన్నె చూసింది. ఇంట్లో ఉన్న వంట ఇద్దరికి, అది కూడా ఒకరు మొహమాటపడితే. భర్త పెరటి గోడ దూకి, సందు చివర బేకరీలో ఉన్న బన్నులన్నీ గోనెసంచిలో వేసుకొచ్చాడు.

"విందులో బన్నేంటి నాయనా?" అంది అవ్వ.

"ఇప్పుడు ఇదే ఫ్యాషనవ్వా," అన్నాడు భర్త, ఇంకో రెండు ఆమె చేతిలో పెడుతూ.

అప్పుడు ఆగింది గుమ్మంలో కారు. అందులోంచి హెడ్మాస్టరమ్మ, ఆమె వెనక విద్యాధికారిగారు. ఆయన డ్రైవరు కూతురు కూడా రెండో తరగతే. రేపటి తనిఖీ గురించి అధికారి హెడ్మాస్టరమ్మతో మాట్లాడుతుండగా, 'టీచరుగారింట్లో విందుంది, సెలవివ్వండి' అని అతను అడగబట్టే అందరూ ఇటే వచ్చారు.

"రేపు తనిఖీ పెట్టుకుని ఇవాళ విందా?" హెడ్మాస్టరమ్మ మొహం కందగడ్డయింది. "పైగా నన్ను పిలవకుండా!"

'అయిపోయింది, గది బెంచీలకే,' అనుకుంది టీచరమ్మ. ఏడుపు ఆపుకుంటూ జరిగిందంతా చెప్పేసింది. అధికారి నవ్వలేదు. దర్జీ చేతిలో అట్టముక్క తీసుకుని తిప్పి తిప్పి చూశాడు.

"ఇది మీకెవరు చదివి చెప్పారు?" అనడిగాడు అందర్నీ.

"నాకు అక్షరమ్ముక్క రాదయ్యా," అంది అవ్వ బన్ను నములుతూ. "నా మనవరాలే చదివింది."

"మా ఇంట్లో కూడా మావాడే!" "మా పిల్లే సార్!"

అధికారి ఆ మనవరాలి ముందు గొంతుకూర్చుని కార్డు పట్టుకున్నాడు. అది గుక్క తిప్పుకోకుండా చదివేసింది. "విందుకు తామెల్లరూ సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి, మా ఆతిథ్యమును స్వీకరించ ప్రార్థన!"

ఇల్లు నిశ్శబ్దమైంది. గడియారాలు తప్ప.

"మరి వెనక వైపు పిల్లి సంగతి చదవలేదా తల్లీ?" అంది టీచరమ్మ నీరసంగా.

"పిల్లి పాలే కదా టీచర్ తాగేది, అది అందరికీ తెలిసిందే. ఇటువైపైతే భోజనం ఉంది!"

అధికారి పకపకా నవ్వి లేచాడు. "నేనే ఇది రెండుసార్లు ఆగి చదివాను. రేపు తనిఖీ అక్కర్లేదు. బెంచీలు ఖాళీ చేయించండి." ఆపైన ఒక బన్ను అడిగి మరీ తిన్నాడు.

హెడ్మాస్టరమ్మ మొహం వెంటనే వికసించింది. "అయితే రేపు మూడో తరగతికి కూడా ఈ కార్డులే పంచుదాం! వాళ్లు ఇంకా ఎక్కువమంది!"

భర్త గోనెసంచిలోకి చూశాడు. అడుగున పొడి తప్ప ఏమీ లేదు. అయినా ధైర్యంగా భార్య చెవిలో అన్నాడు. "భయపడకు. రేపు పై సగాలిద్దాం. వాటి మీద తేదీ ఉంది, అది దాటిపోయింది."

మూడో తరగతి వాళ్లకి అంకెలు ఇంకా సరిగ్గా రావని ఆయనకి ఎవరూ చెప్పలేదు.